చూపు చెదిరే మైగ్రేన్: కంటి డాక్టరా, న్యూరో డాక్టరా, ఏ మాత్ర ఎవరికి?

మన గోదావరి జిల్లాల్లో చూపు తేడాగా ఉంటే కళ్లజోళ్ల షాపుకి, తల నొప్పిగా ఉంటే మెడికల్ షాపుకి వెళ్లడం అలవాటు. రెండూ కలిసి వస్తేనే తికమక. కళ్లజోళ్ల షాపులో కంప్యూటర్ మీద సైటు చూసి, పావు పాయింటు పెరిగిందని కొత్త అద్దాలు రాస్తారు. మెడికల్ షాపులో నాలుగు మాత్రలు కాగితంలో కట్టి ఇస్తారు. ఇంట్లో పెద్దవాళ్లు పైత్యం చేసిందని నిమ్మరసం కలిపిస్తారు. నెల తిరక్కుండా మళ్లీ అదే వస్తుంది. అప్పుడు బ్రెయిన్‌లో గడ్డ ఏమైనా ఉందేమోనని టెన్షన్ పట్టుకుని, అప్పు చేసి మరీ కాకినాడో రాజమండ్రో పరుగెత్తి స్కానింగ్ తీయించుకుంటారు.

ఇలా తిరిగేవాళ్లలో మైగ్రేన్ ఉన్నవాళ్లు ఎంతోమంది. కానీ అందరిదీ మైగ్రేన్ కాదు. ఒకరికి అది పక్షవాతం ముందు వచ్చే హెచ్చరిక కావచ్చు, ఇంకొకరికి కంటి వెనక రెటీనా పొర ఊడిపోవడం కావచ్చు. నాకూ ఈ మైగ్రేన్ ఉంది, మా అమ్మకీ ఉండేది. ఇది కుటుంబాల్లో నడిచే జబ్బు. అందుకే, ఎవరి దగ్గరికి వెళ్లాలి, ఏ మందు పట్టుకోవాలి అనే నిర్ణయం భయంతోనో అలవాటుతోనో కాకుండా, చూపు ఎలా పోయి ఎలా వచ్చిందన్న దాన్నిబట్టి జరగాలని గట్టిగా చెప్పాలనిపిస్తుంది.

ముందు ఒక కన్ను మూసి చూడండి

చూపులో తేడా మొదలైన వెంటనే ఒక కన్నుని అరచేత్తో పూర్తిగా మూయండి. తర్వాత రెండో కన్ను మూయండి. ఎదురుగా గోడ మీదున్న క్యాలెండర్ చూస్తూ చేస్తే తేలిగ్గా తెలుస్తుంది. 28వ తేదీని చూస్తుంటే 2 కనిపించి 8 కనిపించడం లేదనుకోండి. కుడి కన్ను మూసినా, ఎడమ కన్ను మూసినా ఆ 8 అలాగే మాయమైతే, తేడా కంటిలో లేదు. తల వెనక భాగంలో చూపు పనిచూసే మెదడులో ఉంది. మైగ్రేన్‌లో జరిగేది ఇదే. అలా కాకుండా ఒక కంటితో చూస్తే అంతా మామూలుగా ఉండి, రెండో కంటితో చూసినప్పుడు మాత్రమే చీకటిగానో మచ్చగానో ఉంటే, తేడా ఆ ఒక్క కంటిదే. అలాంటప్పుడు మైగ్రేన్‌లే అని దుప్పటి కప్పుకుని పడుకోకూడదు.

చాలామంది పొరబడేది ఇక్కడే. కుడి పక్క కనిపించకపోతే కుడి కన్ను పోయిందని చెప్తారు. నిజానికి రెండు కళ్లలోనూ కుడి సగమే పోయి ఉండొచ్చు. కన్ను మూసి చూడకుండా చెప్పిన మాట మీద డాక్టర్ కూడా సరిగ్గా తేల్చలేరు. అరనిమిషం పని ఇది. ఆ అరనిమిషం దాటిపోతే తర్వాత ఎంత ఖరీదైన స్కానింగ్ చేసినా ఆ సంగతి తెలియదు, ఎందుకంటే అప్పటికి చూపు మామూలైపోయి ఉంటుంది.

రెండో సంగతి, ఎంతసేపట్లో వచ్చిందన్నది. మైగ్రేన్ చూపు ఒక్కసారిగా పోదు. చూపు మధ్యకి కాస్త పక్కగా ఒక చుక్కంత మసకతో మొదలవుతుంది. చదువుతున్న మాటలో ఒక అక్షరం లేనట్టుంటుంది. ఐదు పది నిమిషాల్లో ఆ మసక పెరిగి, వంపు తిరిగి, అంచున వంకరటింకర గీతలు వస్తాయి. రొయ్యల చెరువులో ఏరియేటర్ తిరిగే చోట మిట్టమధ్యాహ్నం ఎండ పడితే నీళ్లు ఎలా మిరుమిట్లు కొడతాయో, ఆ అంచు అలా మెరుస్తూ వణుకుతుంది. లోపల మాత్రం ఖాళీ. నలుపు కూడా కాదు, అక్కడ ఏమీ లేనట్టు. అది నెమ్మదిగా పక్కకి జరుగుతూ చూపు అంచుదాకా వెళ్లి మాయమవుతుంది. కళ్లు మూసుకున్నా ఆ మెరుపు కనిపిస్తూనే ఉంటుంది. మొత్తం 5 నిమిషాల నుంచి 60 నిమిషాల లోపు ముగుస్తుంది. దీన్నే డాక్టర్లు ఆరా అంటారు. మైగ్రేన్ ఉన్నవాళ్లలో సుమారు పావువంతు నుంచి మూడోవంతు మందికి ఇది వస్తుంది. ఆరా తర్వాత, చాలావరకు గంటలోపే, తలనొప్పి మొదలవుతుంది. సాధారణంగా ఒక పక్క కణత పోటు, వాంతి, వెలుతురు పడకపోవడం, చప్పుడు పడకపోవడం ఉంటాయి. కొందరికి చూపు చెదిరి తలనొప్పి రానే రాదు. అదీ మైగ్రేనే కావచ్చు.

ఇంత నెమ్మదిగా ఎందుకు పాకుతుందో తెలిస్తే సగం భయం పోతుంది. అమెరికాలో కార్ల్ లాష్లీ అనే శాస్త్రవేత్త తనకి వచ్చే ఆరాని తనే కాగితం మీద గీసుకుంటూ, మెదడు మీద ఆ కదలిక నిమిషానికి సుమారు 3 మిల్లీమీటర్ల వేగంతో పోతోందని 1941లో లెక్క కట్టాడు. 1944లో బ్రెజిల్‌కి చెందిన లియావో కుందేళ్ల మెదడు మీద ప్రయోగాలు చేస్తూ, దాదాపు అంతే నిదానంగా పాకే ఒక మార్పుని చూశాడు. నరాల కణాలు ముందు ఒక్కసారి చురుకెత్తి, ఆ వెనకే కాసేపు మొద్దుబారతాయి. చురుకెత్తినప్పుడు కనిపించేది మెరుపు, మొద్దుబారినప్పుడు కనిపించేది ఖాళీ. రక్తనాళం మూసుకుపోతే ఇలా పాకుతూ రాదు. ఉన్నట్టుండి, అంతా ఒకేసారి పోతుంది.

మైగ్రేన్‌లా కనిపించి మైగ్రేన్ కానివి

అన్నిటికంటే ముందు, అది కాదని తేల్చుకోవాల్సింది మెదడుకో కంటికో రక్తం ఆగడం. ఇందులో మెరుపులు సాధారణంగా ఉండవు. స్విచ్ ఆపినట్టు ఒక్క క్షణంలో చూపు పోతుంది, లేదా ఒక కంటికి పైనుంచి తెర దిగుతుంది. కొన్ని నిమిషాల్లో తిరిగి వచ్చేయొచ్చు. తిరిగి వచ్చిందని ఊరుకోవడమే ప్రమాదం, ఎందుకంటే అసలు పక్షవాతం ఆ తర్వాతి గంటల్లోనో రోజుల్లోనో రావచ్చు. బీపీ, షుగర్ ఉన్నవాళ్లు, బీడీ, చుట్ట, సిగరెట్ కాల్చేవాళ్లు, గుండె కొట్టుకునే తీరు సరిగ్గా లేనివాళ్లు దీన్ని మైగ్రేన్ ఖాతాలో వేయకూడదు. ఇంకొకటి కూడా గుర్తుంచుకోండి. పక్షవాతం తల వెనక భాగానికి వస్తే రెండు కళ్లలోనూ ఒకే పక్క చూపు పోతుంది. కాబట్టి కన్ను మూసి చూసే పరీక్ష ఒక్కటే చాలదు. నిదానంగా పాకిందా, ఒక్కసారిగా పోయిందా అన్నది దానితో కలిపి చూడాలి. యాభై దాటాక జీవితంలో మొదటిసారి చూపు చెదిరితే, అది ఎంత మైగ్రేన్‌లా ఉన్నా సరే, డాక్టర్ చూసి చెప్పేదాకా మైగ్రేన్ అనుకోవద్దు.

రెటీనా ఊడటం ఒక్క కంటిలో జరుగుతుంది. చీకట్లో కంటి పక్కనుంచి టార్చి వేసినట్టు మెరుపులు, ఉన్నట్టుండి నల్ల చుక్కలు, సాలెగూడు పోగుల్లాంటివి కదలడం, తర్వాత ఒక పక్కనుంచి నీడ కమ్ముకురావడం దీని వరస. నొప్పి ఉండదు. నొప్పి లేదు కదా అని వారం ఆగితే చూపు దక్కకపోవచ్చు. మైనస్ పవర్ ఎక్కువున్నవాళ్లు, శుక్లం ఆపరేషన్ అయినవాళ్లు, కంటికి దెబ్బ తగిలినవాళ్లు మరీ జాగ్రత్తగా ఉండాలి. దీనికి మైగ్రేన్‌లా అరగంటలో తగ్గిపోయే గుణం లేదు.

మన ఇళ్లలో ఎక్కువ మోసపోయేది మూడోదాంతో. కంట్లో ఒత్తిడి ఒక్కసారిగా పెరిగే గ్లాకోమా. తల ఒక పక్క బద్దలవుతుంటుంది, వాంతులవుతాయి, చూపు మసక, లైటు చుట్టూ రంగుల వలయాలు. అచ్చం మైగ్రేన్ అనిపిస్తుంది, పైత్యం అనీ అనిపిస్తుంది. తేడా కంట్లోనే ఉంటుంది. నొప్పి ఉన్న పక్క కన్ను ఎర్రబడి ఉంటుంది, రెప్ప మీద మెల్లగా వేలు పెడితే రెండో కంటికంటే గట్టిగా తగులుతుంది. వాంతి అవుతున్న మనిషి కన్ను ఎర్రగా ఉంటే నిమ్మరసం ఆపి, ఆ రాత్రికి రాత్రే కంటి ఆసుపత్రికి తీసుకెళ్లండి. తెల్లారేదాకా ఆగితే కంటి నరం దెబ్బతినొచ్చు.

మిగతావి తేలికే. షుగర్ పడిపోతే చెమట, వణుకు, ఆకలితో కళ్లు మసకబారి, ఏదైనా తీపి తినగానే తేరుకుంటాయి. కూర్చుని లేచినప్పుడు కళ్లు బైర్లు కమ్మి క్షణాల్లో సర్దుకుంటే బీపీ పడిపోయినట్టు. శుక్లం నెలలు, ఏళ్ల మీద పెరుగుతుంది. ఇరవై నిమిషాలు వచ్చి పోయేదాన్ని శుక్లం అనకండి. రంగురంగుల గుండ్రటి బొమ్మలు కొన్ని సెకన్లు, మహా అయితే ఒకటి రెండు నిమిషాలు కనిపించి పోతూ, ప్రతిసారీ అదే తీరులో వస్తుంటే ఫిట్స్‌లో ఒక రకం కావచ్చు. అది న్యూరో డాక్టర్ చూడాల్సింది.

ఎక్కడికి, ఎంత త్వరగా

108కి ఫోన్ చేయాల్సినవి ఇవి. చూపుతోపాటు మూతి వంకర పోవడం, ఒక చెయ్యో కాలో పడిపోవడం, మాట తడబడటం, నిలబడితే తూలిపోవడం. జీవితంలో ఎప్పుడూ ఎరగనంత తలనొప్పి ఒక్క నిమిషంలో పతాకస్థాయికి చేరడం. జ్వరం, మెడ బిగుసుకుపోవడంతో కలిసిన తలనొప్పి. ఒక్కసారిగా చూపు పోవడం. పక్షవాతంలో గడ్డ కరిగించే ఇంజెక్షన్ పనిచేసేది మొదలైనప్పటినుంచి నాలుగున్నర గంటలలోపే. అదీ సీటీ స్కాన్ తీసి, మెదడులో రక్తస్రావం లేదని తేలాకే ఇస్తారు. అంటే సీటీ లేని నర్సింగ్ హోమ్‌లో సెలైన్ ఎక్కిస్తూ గడిపిన ప్రతి గంటా ఆ లెక్కలోంచే పోతుంది.

మన దగ్గర ఈ లెక్క ఇంకా కఠినం. సఖినేటిపల్లి రేవులో గోదావరి దాటించే పంటు దొరికితే నరసాపురం పక్కనే. రాత్రిపూట అయితే చించినాడ వంతెన మీదుగా చుట్టు తిరిగి వెళ్లాలి. వరదల రోజుల్లో ధవళేశ్వరం దగ్గర ప్రమాద హెచ్చరికలు పెరిగేసరికి లంక గ్రామాలకి కాజ్‌వేలు మునిగి పడవే దిక్కు. అందుకని మీ ఊరినుంచి దగ్గరలో రాత్రీ పగలూ సీటీ తీసే ఆసుపత్రి ఏదో, అమలాపురంలోనా, భీమవరంలోనా, రాజమండ్రిలోనా, ఇప్పుడే కనుక్కుని ఫోన్ నంబరు రాసి పెట్టుకోండి. అవసరం పడ్డ రాత్రి కనుక్కోవడం కుదరదు.

ఇక తొందర లేని సందర్భం. నిదానంగా పాకే మెరుపు, రెండు కళ్లకీ, గంటలోపు తగ్గింది, వయసు యాభై లోపు, ఇంతకుముందు ఒకటి రెండుసార్లు ఇలాగే వచ్చింది. ఇలాంటివాళ్లు మొదట న్యూరో డాక్టర్ కోసం పెద్ద ఊరికి వెళ్లక్కర్లేదని నా అభిప్రాయం. మీ ఊళ్లో మంచి జనరల్ ఫిజీషియన్ బీపీ, షుగర్, నాడి చూసి, నరాల పరీక్ష చేసి మైగ్రేన్‌ని తేల్చగలరు. అది రోగి చెప్పిన వివరాలతోనే తేలే జబ్బు.

అయినా కంటి ఆసుపత్రికి ఒక్కసారి వెళ్లడం తప్పనిసరి అంటాను. కళ్లజోళ్ల షాపుకి కాదు, కంటి డాక్టర్ దగ్గరికి. అక్కడ కంట్లో చుక్కల మందు వేసి, కంటిపాప పెద్దదయ్యాక రెటీనాని, కంటి నరాన్ని చూస్తారు. కంటి నరం ఉబ్బి ఉంటే తల లోపల ఒత్తిడి పెరిగిందని అక్కడే తెలిసిపోతుంది. కంప్యూటర్ మీద సైటు చూసే పరీక్షలో ఇవేవీ తెలియవు. చుక్కల మందు వేశాక కొన్ని గంటలు దగ్గరవి కనిపించవు, వెలుతురు గుచ్చుతుంది. బండి మీద ఒక్కరే వెళ్లొద్దు, వెనక్కి నడపడానికి ఎవరినైనా వెంట తీసుకెళ్లండి.

న్యూరో డాక్టర్ ఎప్పుడంటే: ఆరా గంట దాటినప్పుడు, ప్రతిసారీ మారకుండా ఒకే పక్క వస్తున్నప్పుడు, ఉన్నట్టుండి తీరు మారినప్పుడు, నిదానంగా పాకే ఆరాతోపాటు చేతి తిమ్మిరి, మాట తడబాటు కూడా వచ్చి తగ్గిపోతున్నప్పుడు (మొదటిసారి వచ్చినా, ఒక్కసారిగా వచ్చినా మాత్రం 108కే), ఫిట్స్ ఉన్నప్పుడు, రెండు మూడు నెలలు మందు వాడినా తగ్గనప్పుడు. స్కానింగ్ కూడా ఇలాంటివాళ్లకే. అచ్చమైన మైగ్రేన్ ఉండి, పరీక్షలో అంతా మామూలుగా ఉన్నవాళ్లకి సాధారణంగా స్కానింగ్ అక్కర్లేదు. తీయాల్సి వస్తే, అర్జెంటుగా రక్తస్రావం ఉందేమో చూడటానికి సీటీ, నిదానంగా మిగతావన్నీ చూడటానికి ఎమ్మారై. భయం తీరడానికి ముందు సీటీ, అందులో ఏమీ లేదని మళ్లీ ఎమ్మారై తీయించుకుని రెండింటికీ డబ్బు పోసినవాళ్లని చూశాను. ఏది కావాలో డాక్టర్‌నే ముందు అడగండి.

నొప్పి వచ్చినప్పుడు వేసుకునే మాత్ర

ఆరాని ఆపే మాత్ర లేదు. చూపు చెదిరినంతసేపు చేయాల్సింది పని ఆపి కూర్చోవడమే. మన కాలవగట్టు రోడ్ల మీద బండి నడుపుతుంటే వెంటనే పక్కకి ఆపేయాలి. సగం చూపుతో ఎదురొచ్చే ఆటో కనిపించదు, గట్టు అంచూ కనిపించదు. కొబ్బరి దింపు తీసేవాళ్లు చెట్టు మీద ఉండగా మొదలైతే ఆ చుక్కంత మసక దశలోనే దిగిపోవాలి. పెరిగేదాకా ఆగకూడదు.

మాత్ర పనిచేసేది తలనొప్పి మీద. ఏ మాత్రైనా నొప్పి ముదిరాక కంటే మొదట్లో వేసుకుంటేనే పట్టు ఉంటుంది, ఎందుకంటే మైగ్రేన్ ముదిరితే కడుపు కదలిక మందగించి మందు ఒంట పట్టదు. వాంతి ఎక్కువున్నవాళ్లకి అందుకే వాంతి మాత్ర కూడా కలిపి రాస్తారు.

పారాసిటమాల్ అన్నిటికంటే నిరపాయం. గర్భిణులకీ, డెంగీ సీజన్‌లో జ్వరం ఉందేమోనన్న అనుమానం ఉన్నవాళ్లకీ అదే. లివర్ జబ్బు ఉన్నవాళ్లు, రోజూ మద్యం తాగేవాళ్లు దీనికి కూడా డాక్టర్‌ని అడగాలి. కాకపోతే గట్టి మైగ్రేన్‌కి ఇది చాలకపోవచ్చు. ఐబుప్రొఫెన్, నాప్రాక్సెన్ అంతకంటే బాగా పనిచేస్తాయి. నేనైతే కడుపు, కిడ్నీ బాగున్నవాళ్లు డాక్టర్‌ని అడిగి ముందు నాప్రాక్సెన్ ప్రయత్నించాలంటాను, దాని ప్రభావం ఎక్కువ గంటలు నిలుస్తుంది. ఏదైనా తిన్నాకే వేసుకోవాలి. అల్సర్, కిడ్నీ జబ్బు, గుండె జబ్బు ఉన్నవాళ్లకి, జ్వరం ఉన్నప్పుడు ఇవి వద్దు. ఆగస్టు నుంచి మనవైపు దోమల కాలం. డెంగీలో ఇవి రక్తస్రావం తెచ్చిపెడతాయి.

వీటికి లొంగకపోతే ట్రిప్టాన్లు. సుమాట్రిప్టాన్, రైజాట్రిప్టాన్ లాంటివి. మైగ్రేన్ కోసమే తయారైన మందులివి. మెరుపు కనిపించగానే కాదు, తల నొప్పి మొదలవగానే వేసుకోవాలి. ఆరా దశలో వేస్తే ఫలితం తక్కువ. గుండె జబ్బు ఉన్నవాళ్లు, పక్షవాతం వచ్చినవాళ్లు, బీపీ అదుపులో లేనివాళ్లు వీటిని ముట్టుకోకూడదు. ప్రొప్రనలాల్ (బీపీకీ, మైగ్రేన్ రాకుండానూ రోజూ వేసుకునే మందు) వాడుతున్నవాళ్లకి రైజాట్రిప్టాన్ మోతాదు తగ్గించాలి, ఆ సంగతి రాసే డాక్టర్‌కి మీరే గుర్తు చేయండి.

ఇప్పుడు అసలు సమస్య. మెడికల్ షాపులో మాట ఇలా నడుస్తుంది: "తలనొప్పి మాత్రలు ఇవ్వండి." "పోయినసారి ఇచ్చినవేనాండీ?" "ఆఁ, అవే ఓ పది కట్టేయండి." ఆ పదిలో ఏముందో కొన్నవాళ్లకి తెలియదు. స్ట్రిప్ వెనక తిప్పి చదవండి. ఎర్గోటమిన్ అని ఉంటే అది రక్తనాళాలని బిగించే మందు. బీపీ, గుండె జబ్బు ఉన్నవాళ్లకి, గర్భిణులకి పనికిరాదు. ట్రిప్టాన్ వేసుకున్న 24 గంటలలోపు అది, అది వేసుకున్న 24 గంటలలోపు ట్రిప్టాన్ వేసుకోకూడదు. కొన్ని యాంటీబయాటిక్స్‌తో కలిస్తే చేతి వేళ్లకి, కాళ్లకి రక్తం ఆగేంత ప్రమాదం. నలుగురి ఇంట్లో ఒకే మాత్ర నడవడం మనకి మామూలే కానీ, కోడలికి పనిచేసిన మాత్ర మావగారికి ప్రాణం మీదికి తేవచ్చు.

లెక్క కూడా ముఖ్యమే. కెఫీన్, ఎర్గోటమిన్ కలిసిన మాత్రలు, ట్రిప్టాన్లు నెలకి 10 రోజులు, పారాసిటమాల్, ఐబుప్రొఫెన్ లాంటివి ఇంకేదీ కలవకుండా విడిగా ఉన్న మాత్రలు 15 రోజులు, ఇలా మూడు నెలలకి మించి నడిస్తే ఆ మాత్రలే రోజూ తలనొప్పి పుట్టిస్తాయి. వారానికి రెండు రోజులు దాటనీయకుండా చూసుకుంటే సురక్షితం.

రోజూ వేసుకునే మందు ఎవరికి ఏది

నెలకి నాలుగు రోజులకి మించి నొప్పి వస్తున్నా, వచ్చిన ప్రతిసారీ పని మొత్తం ఆగిపోతున్నా, రాకుండా ఆపే మందు గురించి డాక్టర్‌తో మాట్లాడాలి. ఇక్కడ "ఏది మంచిది" అన్న ప్రశ్న కంటే "మీకు ఇంకేం ఉంది" అన్న ప్రశ్నే దారి చూపుతుంది.

బీపీ ఉండి, చేతులు వణికే, గుండె దడగా ఉండే మనిషికి ప్రొప్రనలాల్ రెండు పనులూ చేస్తుంది. ఉబ్బసం ఉంటే అసలు వద్దు. షుగర్‌కి ఇన్సులిన్ వాడేవాళ్లకి షుగర్ పడిపోయిన సూచనలని ఇది కప్పేస్తుంది. ఫ్లునారిజిన్ మన డాక్టర్లు బాగా రాసే మందు, రాత్రిపూట వేసుకోవాలి. మత్తుగా ఉంటుంది, బరువు పెరుగుతుంది, మనసు దిగులుగా మారొచ్చు. ఇదివరకు డిప్రెషన్ ఉన్నవాళ్లు, చేతులు వణికే వృద్ధులు దీన్ని తప్పించుకోవాలి. రాత్రిళ్లు రొయ్యల చెరువు మీద కాపలా ఉండి తెల్లవారుజామున నీళ్లలో ఆక్సిజన్ చూసుకోవాల్సిన రైతుకి ఈ మత్తు పెద్ద ఇబ్బంది. అమిట్రిప్టిలిన్‌దీ అదే గుణం. కానీ నిద్ర పట్టనివాళ్లకి అదే మేలు.

టోపిరమేట్ బరువు తగ్గిస్తుంది కాబట్టి లావుగా ఉన్నవాళ్లకి నప్పుతుంది. వేళ్లు చిమచిమలాడతాయి, నోటి చివర ఉన్న మాట దొరకదు, కిడ్నీలో రాళ్లు పడొచ్చు. రోహిణీ కార్తె ఎండల్లో పొలం పని చేసేవాళ్లు నీళ్లు బాగా తాగకుండా ఇది వాడకూడదు. చూపు మైగ్రేన్ ఉన్నవాళ్లు ప్రత్యేకంగా తెలుసుకోవాల్సింది ఇంకొకటుంది. ఈ మందు అరుదుగా కంట్లో ఒత్తిడిని ఒక్కసారిగా పెంచుతుంది, ఎక్కువగా మొదలుపెట్టిన మొదటి నెలలో. మాత్ర మొదలెట్టాక కంటి నొప్పి, మసక వస్తే మైగ్రేన్ ముదిరిందనుకుని ఇంకో మాత్ర వేసుకోకండి. అదే రోజు డాక్టర్‌ని కలవండి. గర్భం వచ్చే అవకాశం ఉన్న ఆడవాళ్లు వాడితే టోపిరమేట్, ఇదే పనికి రాసే ఇంకో మందు వాల్‌ప్రొయేట్, రెండూ కడుపులో బిడ్డకి హాని చేస్తాయి. పెళ్లి కావాల్సిన అమ్మాయికి వాల్‌ప్రొయేట్ రాస్తే, ఇంకేదైనా ఉందా అని అడగడంలో తప్పేమీ లేదు.

ఏ మందైనా సరైన మోతాదులో రెండు మూడు నెలలు వాడితేగానీ పనిచేసిందో లేదో తెలియదు. పది రోజులకే మానేసి "ఆ డాక్టర్ మందు పడలేదు" అనడం మందుకీ మనకీ అన్యాయం.

ఆడవాళ్లు తప్పక తెలుసుకోవాల్సింది

ఈ ఒక్క విషయం మన ఆడపిల్లలందరికీ చేరాలని ఎంతో కోరిక. చూపు చెదిరే మైగ్రేన్ ఉన్నవాళ్లకి పక్షవాతం ముప్పు మామూలువాళ్లకంటే సుమారు రెట్టింపు. వయసులో ఉన్నప్పుడు ఆ ముప్పు చాలా చిన్నదే. కానీ ఈస్ట్రోజన్ ఉన్న గర్భనిరోధక మాత్రలు వేసుకుంటే పెరుగుతుంది, పొగ తాగితే ఇంకా పెరుగుతుంది. అందుకే ఆరా ఉన్న మైగ్రేన్‌లో, ఏ వయసులోనైనా, ఈ మాత్రలు వాడకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శకాలు చెప్తున్నాయి. మాలా-ఎన్, మాలా-డి ఈ కోవలోవే. పీసీఓడీకి, నెలసరి క్రమం తప్పినందుకు రాసే మాత్రలు కూడా చాలావరకు ఇవే.

బదులుగా ఏముందంటే, కాపర్-టీలో హార్మోన్ లేదు. ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితంగా ఇచ్చే ఛాయా మాత్రలోనూ, మూడు నెలలకోసారి ఇచ్చే అంతర ఇంజెక్షన్‌లోనూ ఈస్ట్రోజన్ లేదు. నన్నడిగితే మొదటి ఎంపిక కాపర్-టీ. మిగతావాటిలో మీకు సరిపడేది గైనకాలజిస్ట్ చెప్పాలి. ఆశా కార్యకర్త మాత్రలు ఇవ్వడానికి వస్తే "నాకు కళ్ల ముందు మెరుపులొచ్చే తలనొప్పి ఉందండి" అని ముందే చెప్పండి. పెళ్లికో, వ్రతానికో నెలసరి వాయిదా వేసుకునే మాత్రలు కూడా ఈ సంగతి చెప్పకుండా కొనొద్దు.

గర్భిణికి అయిదో నెల దాటాక తలనొప్పి, కళ్ల ముందు మెరుపులు, ముఖం వాపు ఉంటే పాత మైగ్రేన్ అనుకోకుండా ఆ రోజే బీపీ చూపించండి. కాన్పు అయిన మొదటి వారాల్లో కూడా అంతే.

అద్దాలు, ఎండ, ఆకలి

కళ్లజోడు విషయంలో డబ్బు వృథా ఎక్కువ. సైటు ఉంటే సరైన అద్దాలు పెట్టుకోవాలి, కళ్ల అలసట తగ్గుతుంది. ఫోన్, కంప్యూటర్ నీలి వెలుతురుని తగ్గించే బ్లూ కట్ అద్దాలు మైగ్రేన్‌ని ఆపుతాయనడానికి గట్టి రుజువు లేదు. వెలుతురు పడనివాళ్లకి ఎఫ్ఎల్-41 అనే లేత గులాబీ రంగు పూత కొంత ఊరటనిస్తుందని చిన్న పరిశోధనల్లో తేలింది. చెరువుల మీద పనిచేసేవాళ్లకి పోలరైజ్డ్ నల్లద్దాలు మంచి ఎంపిక. నీటి మీదనుంచి కొట్టే వెలుగుని అవి కోస్తాయి. ఇంట్లో మాత్రం నల్లద్దాలు పెట్టుకోకండి. కళ్లు చీకటికి అలవాటు పడి మామూలు వెలుతురు కూడా భరించలేకపోతాయి.

మన దారుల్లో ఒక ప్రత్యేక చిక్కు ఉంది. సాయంత్రం ఏటవాలు ఎండలో వరసగా కొబ్బరిచెట్లున్న రోడ్డు మీద బండి పోతుంటే వెలుగు, నీడ, వెలుగు, నీడ అని కళ్లలో టపటపా కొడుతుంది. అలా మిణుకుమనే వెలుతురుకి చూపు మైగ్రేన్ ఉన్నవాళ్ల మెదడు తొందరగా చురుకెత్తుతుంది. అంచున్న టోపీ, నల్లద్దాలు, వీలుంటే ఎండ దిగాక ప్రయాణం, వెనక కూర్చున్నవాళ్లయితే కళ్లు మూసుకోవడం పనికొస్తాయి. దీనికి తోడు మధ్యాహ్నం అన్నం మానేసి ఉంటే, లేదా ముందు రాత్రి నిద్ర లేకపోతే మరీను. కార్తీక సోమవారం ఉపవాసం ఉండేవాళ్లు నీళ్లు, పాలు, పండ్లు మానకండి. ఎప్పుడూ కాఫీ తాగేవాళ్లు ఆ రోజు ఉన్నట్టుండి మానేసినా తలనొప్పి పట్టుకుంటుంది.

డాక్టర్ దగ్గరికి వెళ్లేముందు ఫోన్‌లో నాలుగు సంగతులు రాసుకోండి: ఏ తేదీన ఎన్నింటికి మొదలైంది, ఎన్ని నిమిషాలుంది, ఒక కంటికా రెండింటికా, ఏ మాత్ర వేసుకున్నారు. కుదిరితే ఆ మచ్చ ఆకారం కాగితం మీద గీసి తీసుకెళ్లండి. ఇంట్లో ఉన్న మాత్రల స్ట్రిప్పులన్నీ, బీపీ, షుగర్ మాత్రలు, గర్భం రాకుండా వాడేవి కూడా, ఒక కవర్లో వేసుకుని డాక్టర్ బల్ల మీద పెట్టండి.